రోజు గడిచే వరస, రోజు కుదిరే వరస

నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ప్రయాణ డైరీలు చదవడం. రవాణా సర్వేలో పాల్గొన్నవాళ్లు ఒక రోజంతా ఎక్కడెక్కడికి వెళ్లారో, ఎన్నింటికి బయలుదేరారో, దేనిమీద వెళ్లారో, ఏ పనిమీద వెళ్లారో రాసి ఇచ్చే పత్రాలవి. వాటిలో పేర్లుండవు, చిరునామాలుండవు. అయినా పేజీ సగానికి వచ్చేసరికి ఎవరో ఒక మనిషి రూపు కడుతుంది. ఈ డైరీల ఆధారంగా ఒక నగరంలోని లక్షలమంది దినచర్యలను కంప్యూటర్‌లో కల్పించడం మా బృందం చేసే పని. ఇలాంటి కల్పననే మోడల్ అంటాం. కొత్త వంతెన కడితే ఏమవుతుంది, బస్సు చార్జీ పెంచితే ఎవరు ఎక్కడం మానేస్తారు, ఆఫీసు వేళలు జరిపితే రద్దీ తగ్గుతుందా అని అడిగినప్పుడు ఆ కల్పిత జనమే జవాబు చెప్పాలి.

డైరీ ఎలా ఉంటుందో చూపడానికి నేనే ఒకటి అల్లి చెబుతాను. ఉదయం 7:50కి ఒకావిడ కారులో ఇంటి నుంచి బయలుదేరి పిల్లవాణ్ని బడి దగ్గర దించింది. 8:10కి బడి నుంచి ఆఫీసుకు వెళ్లింది. సాయంత్రం 5:30కి ఆఫీసు వదిలి మందుల దుకాణానికి, అక్కడి నుంచి సంగీతం క్లాసుకు వెళ్లి, 6:15కి పిల్లవాణ్ని ఎక్కించుకుని ఇంటికి చేరింది. మొత్తం ఐదు ప్రయాణాలు.

గడియారం ప్రకారం చదివితే ఈ రోజు ఉదయం మొదలై సాయంత్రం ముగిసింది. తయారైంది మాత్రం అలా కాదు. అన్నిటికన్నా ముందు నిశ్చయమైంది సంగీతం క్లాసు వదిలే వేళ. క్లాసులో చేర్చిన రోజే, అంటే ఎన్నో నెలల కిందటే, అది ఖాయమైపోయింది. ఆ వేళకు అక్కడ ఉండాలంటే కారు కావాలి. సాయంత్రం కారు దగ్గర ఉండాలంటే ఉదయం కారులోనే బయలుదేరాలి. కారు ఎలాగూ ఆవిడే తీస్తోంది కనుక పిల్లవాణ్ని బడికి దించడమూ ఆవిడ వంతే అయింది. మందుల దుకాణం మాత్రం మధ్యాహ్నం ఇంటి నుంచి ఫోను వచ్చాక చేరింది. సాయంత్రం 6:15 అన్న వేళే ఉదయం 7:50 నాటి నిర్ణయాన్ని చేసేసింది. రోజు గడిచే వరస ఒకటి, రోజు కుదిరే వరస మరొకటి. మోడళ్లు తయారుచేసేవాళ్లం మొదటి వరసను బాగా పట్టుకోవడం నేర్చుకున్నాం. రెండోదాని మీద ఇంకా చాలా పని ఉంది.

ఒకప్పుడు మొదటిది కూడా మాకు పట్టేది కాదు. 1950లలో అమెరికాలోని డెట్రాయిట్, షికాగో నగరాల్లో జరిగిన రవాణా అధ్యయనాల్లో రూపుదిద్దుకున్న పద్ధతిని నాలుగు అంచెల మోడల్ అంటారు. ఏ ప్రాంతంలో ఎన్ని ప్రయాణాలు పుడతాయి, అవి ఎక్కడికి చేరతాయి, ఏ వాహనంలో సాగుతాయి, ఏ దారిన వెళతాయి అన్నవి ఆ నాలుగు అంచెలు. అందులో లెక్కకు వచ్చేది ప్రయాణమే, మనిషి కాదు. రహదారి ఎంత వెడల్పున వేయాలన్నదే అప్పటి ప్రశ్న కనుక అది చాలినంత పనిచేసింది. కానీ పై డైరీని ఆ మోడల్‌కు ఇస్తే ఐదు ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కనూ విడిగా లెక్కిస్తుంది. ఉదయం 8 నుంచి 9 దాకా కార్లకు రుసుము విధించారనుకోండి. బడి నుంచి ఆఫీసుకు వెళ్లే ముక్కను చూసి, బస్సు చవక కనుక ఆవిణ్ని బస్సులోకి మారుస్తుంది. సాయంత్రం ముక్క దగ్గరికి వచ్చేసరికి మళ్లీ కారు ఇస్తుంది. ఉదయం బస్సులో వెళ్లిన మనిషి ఆఫీసు నుంచి కారులో ఎలా బయలుదేరిందని అడిగే చోటు ఆ లెక్కలో ఎక్కడా లేదు. రుసుము వల్ల ఇంతమంది బస్సుకు మారతారని నివేదిక వెళుతుంది. వీధిలో మాత్రం అంతమంది మారరు.

మనుషుల ఎంపికలను ఒక్కొక్కరి స్థాయిలో లెక్కకట్టవచ్చని నమ్మకం కలిగించినవాడు అమెరికా ఆర్థికవేత్త డేనియల్ మెక్‌ఫాడెన్. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో బార్ట్ రైలు రాబోతున్నప్పుడు ఉద్యోగ ప్రయాణాల్లో దాని వాటా 15 శాతం ఉంటుందని అధికారిక అంచనా. ఆయన బృందం మోడల్ 6.3 శాతం అంది. రైలు నడిచాక తేలింది 6.2 శాతం. ఆర్థికశాస్త్రంలో 2000 సంవత్సరం నోబెల్‌ను జేమ్స్ హెక్‌మన్‌తో కలిసి అందుకున్నాడు. నేటికీ మా మోడళ్ల లోపల ఎక్కడ తడిమినా, ఒక్కో ఎంపికకు ఎంత అవకాశముందో లెక్కకట్టే ఆయన లాజిట్ సూత్రమే తగులుతుంది. అయితే కారా, బస్సా, రైలా అన్న ప్రశ్నకు మూడే జవాబులున్నాయి. ఈ రోజును ఎలా గడపాలి అన్న ప్రశ్నకు ఎన్ని జవాబులు?

లెక్కవేసి చూద్దాం. బయట నాలుగు పనులున్నాయనుకుంటే వాటిని 24 వరసల్లో చేయవచ్చు. ఒక్కో పనికి పది చోట్లు వీలైనవి ఉంటే 10,000 కలయికలు, రెండూ కలిపితే 2,40,000. ఇంటికి తిరిగి రావడంతో కలిపి ఐదు ప్రయాణాలు, ఒక్కోదానికి మూడు సాధనాలు అనుకుంటే 243 రకాలు. అన్నీ గుణిస్తే 5,83,20,000. బయలుదేరే వేళలు ఇంకా లెక్కలోకే రాలేదు. ఏ మనిషీ పొద్దున్నే లేచి ఐదు కోట్ల ఎనభై మూడు లక్షల రోజులను పోల్చి చూసుకుని ఒకటి ఎంచుకోదు. ఆ పట్టికలో అధికభాగం మొదటే కొట్టివేసి ఉంటుంది. కొట్టివేసేది ఏమిటో మొదట స్పష్టంగా చెప్పినవాడు టోర్స్టెన్ హేగర్‌స్ట్రాండ్.

ఆయన స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో భూగోళ శాస్త్రవేత్త. 1969లో కోపెన్‌హాగన్‌లో ప్రాంతాల ఆర్థిక వ్యవహారాలను లెక్కలతో పరిశీలించే ప్రాంతీయ విజ్ఞాన పండితుల సభలో మాట్లాడుతూ, మీ లెక్కల్లో మనుషులేరీ అని అడిగాడు. ఆ ప్రసంగం 1970లో అచ్చయింది. నా వృత్తిలో నేను పదేపదే తిరిగి వెళ్లే రచన అదే. మనిషి ఏం కోరుకుంటుంది అన్నదానికి ముందు, ఏది ఆమెకు అసాధ్యం అన్నది చూడమంటాడాయన. పరిమితులను మూడు రకాలుగా విడదీశాడు. మొదటివి శరీరానివీ సాధనాలవీ: నిద్రపోవాలి, తినాలి, నడిస్తే ఇంత దూరమే వెళ్లగలం. రెండోవి జత కుదరాల్సినవి: మరో మనిషితోనో, యంత్రంతోనో, వస్తువుతోనో ఒకే చోట ఒకే వేళకు ఉండాల్సి రావడం. మూడోవి అధికారానివి: దుకాణం మూసే వేళ, ఆసుపత్రిలో రోగులను చూడనిచ్చే వేళ, అనుమతి లేనిదే దాటలేని గేటు.

పటాన్ని నేలమీద పరిచి, కాలాన్ని నిలువుగా పైకి గీస్తే ఒక మనిషి రోజు పైకి పాకే గీతలా కనిపిస్తుంది. ఒక నిర్ణీత వేళకు ఒకచోట వదిలి, మరో నిర్ణీత వేళకు ఇంకోచోట ఉండాలంటే, మధ్యలో ఆమె చేరగలిగిన స్థలకాలాలన్నీ కలిసి ఒక పట్టకం ఆకారంలో నిలుస్తాయి. దాని బయట ఉన్నవేవీ ఆమెకు లేనట్టే.

ఈ పట్టకం నాకు నేర్పిన సంగతి ఒకటి చెప్పాలి. మధ్యాహ్నం గంట విరామం ఉంది, బయలుదేరిన చోటికే తిరిగి రావాలి, వెళ్లినచోట 20 నిమిషాల పని ఉంది. పోవడానికి 20 నిమిషాలు, రావడానికి 20 నిమిషాలు మిగులుతాయి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లగలిగితే 10 కిలోమీటర్ల దూరం దాకా ఆమె పరిధి. వేగం 15కు పడిపోతే పరిధి 5 కిలోమీటర్లు, వైశాల్యం నాలుగో వంతు. సరే, ఇది ఎవరైనా ఊహించేదే. ఇప్పుడు వేగాన్ని 30 దగ్గరే ఉంచి, కౌంటర్ దగ్గర వరస పెరిగి పని 40 నిమిషాలు పట్టిందనుకోండి. పోను 10, రాను 10 నిమిషాలే మిగిలాయి. పరిధి మళ్లీ 5 కిలోమీటర్లే. అంటే కౌంటర్ దగ్గర అదనంగా నిలబెట్టిన 20 నిమిషాలు ఆమె వాహనం వేగాన్ని సగానికి తగ్గించినంత నష్టం చేశాయి. రవాణా శాఖలు వేగం కోసం ఎంతో ఖర్చుపెడతాయి. అదే మేలు ఇంకో కౌంటర్ తెరవడం వల్ల కూడా కలగవచ్చన్నది ప్రయాణాలను మాత్రమే లెక్కపెట్టే మోడల్‌లో ఎప్పటికీ కనిపించదు. ప్రయాణాన్నీ పనినీ ఒకే రోజులో భాగాలుగా చూసినప్పుడే కనిపిస్తుంది.

తర్వాతి తరం ఈ ఆలోచనను నడిచే మోడళ్లుగా మలిచింది. జాన్ బౌమన్, మోషే బెన్-అకీవా తయారుచేసిన పద్ధతిలో మొదట రోజు మొత్తానికి ఒక నమూనా ఎంపికవుతుంది. ప్రధానమైన పని ఏది, ఇంటి నుంచి బయలుదేరి తిరిగి ఇల్లు చేరే చుట్లు ఎన్ని అన్నది ముందు తేలుతుంది. ఈ చుట్టునే మేము టూర్ అంటాం. ఆ తర్వాత ప్రధాన టూర్‌కు వేళ, చోటు, సాధనం. వాటి తర్వాత చిన్న టూర్లు. కింది అంచెలో ఎంత సౌకర్యం దొరుకుతుందో దాని సారాన్ని పై అంచె తన నిర్ణయంలో కలుపుకుంటుంది. అందుకే బస్సు మెరుగుపడితే సాధనం ఒక్కటే కాదు, అసలు బయటికి వెళ్లాలా వద్దా అన్నది కూడా మారవచ్చు. ఉదయం బస్సు, సాయంత్రం కారు అన్న పొరపాటు ఇక్కడ జరగదు. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో థియో అరెంట్సె, హ్యారీ టిమర్‌మన్స్ 2000 నాటికి ఆల్బట్రాస్ పేరుతో వేరే దారి తొక్కారు. లాభాలను కూడి తీసేసే సూత్రాలకు బదులు, డైరీల నుంచి నేర్చుకున్న 'ఇలా ఉంటే అలా చేస్తారు' అనే నియమాలతో రోజును అల్లారు. టొరంటోలో ఎరిక్ మిల్లర్, మాథ్యూ రూర్డా చేసిన తాషా అనే మోడల్‌లో పనులు ప్రాధాన్యం ప్రకారం ఒకదాని తర్వాత ఒకటి రోజులో చోటు వెతుక్కుంటాయి. ఢీకొంటే పక్కకు జరుగుతాయి, కుదించుకుంటాయి. నా మనసు తాషా వైపే మొగ్గుతుంది. మనుషులు రోజును అమర్చుకునే తీరుకు అది దగ్గరగా ఉంది.

అయితే ఏ పద్ధతిలోనైనా ఏది ముందు కూర్చోవాలన్నది ఎవరో ఒకరు నిర్ణయించాలి. సాధారణంగా ఉద్యోగం, చదువు ముందు. అవి తప్పనిసరి అని మా పట్టికల్లో రాసి ఉంటుంది. తర్వాత ఎవరినైనా దించడం, తీసుకురావడం. ఆ తర్వాత కొనుగోళ్లు, ఇంటి అవసరాలు. చివర్లో స్నేహితులు, వినోదం. నేను ఒప్పుకోలేనిది ఇక్కడే.

మా అక్క మామగారికి డయాలిసిస్ జరిగేది. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు. ఆ వేళలు ఆసుపత్రి ఇచ్చినవి. ఇంకొకరి మంచం ఖాళీ అయితే తప్ప మారవు. అక్క పూర్తికాలపు ఉద్యోగం వదిలి, ఆ మూడు రోజులకు అడ్డురాని వేళల్లో పని ఇచ్చే చోటు వెతుక్కుంది. ఆవిడ జీవితంలో కదలనిది డయాలిసిస్, దాని చుట్టూ సర్దుకున్నది ఉద్యోగం. అదే డైరీ మా మోడల్‌లోకి వస్తే ఉద్యోగం 'తప్పనిసరి' అవుతుంది, డయాలిసిస్‌కు తీసుకెళ్లడం 'తోడు వెళ్లడం' అనే గడిలో రెండో వరసలో కూర్చుంటుంది. ఆసుపత్రికి వెళ్లే బస్సు తీసేస్తే ఏమవుతుందని అడిగితే, ఆవిడ ఉద్యోగానికి ఏ ఇబ్బందీ లేదని, తోడు ప్రయాణం కాస్త వేరే వేళకు మారుతుందని మోడల్ చెబుతుంది. జరిగేది దానికి సరిగ్గా తలకిందులు. ఇతరుల సంరక్షణ చూసేవాళ్లు లక్షల్లో ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్ల రోజులను మనం తప్పు వరసలో కట్టి, ఆ కట్టుబడి మీద బస్సు మార్గాలు నిర్ణయిస్తున్నాం.

కదలని పనులు ఏవి అన్న ప్రశ్న కొత్తదేమీ కాదు. 1975లోనే ఇయన్ కలెన్, వీడా గాడ్సన్ దీన్ని తవ్వారు. కొన్ని పనులు గోడకు కొట్టిన మేకుల్లా ఉంటాయని, మిగిలిన రోజంతా వాటికి వేలాడుతుందని చూపారు. ఆక్స్‌ఫర్డ్‌లో పీటర్ జోన్స్, ఆయన సహచరులు హ్యాట్స్ అనే పద్ధతి తెచ్చారు. ఒక కుటుంబాన్నంతా బల్ల చుట్టూ కూర్చోబెట్టి, పటం పక్కన కాలం కొలత పెట్టి, ఒక్కో పనికి ఒక్కో రంగు ముక్కతో రోజును పేర్చమంటారు. పేర్చాక, బస్సు వేళ మారిందనో మరొకటనో చెప్పి, ఇప్పుడెలా సర్దుకుంటారో చేసి చూపమంటారు. ఒకరి ముక్క కదిపితే ఇంకొకరి ముక్క కదలడం అందరి కళ్లముందూ జరుగుతుంది. కుటుంబంలో ఒకరి వెసులుబాటు ఇంకొకరి బిగింపు అవుతుందని దీనికన్నా బాగా చూపిన సాధనం నేను చూడలేదు. కంప్యూటర్లు ఇంత పెరిగాక కూడా ఈ మాట అంటున్నాను.

కుదిరే వరసను నేరుగా నమోదు చేసింది కెనడాలో షాన్ డోహర్టీ, ఎరిక్ మిల్లర్‌ల చేస్ సర్వే. 2000లో ప్రచురించారు. ఇళ్లలో కంప్యూటర్ పెట్టి, ఒక వారంపాటు ఏ పని అనుకున్నా అనుకున్నప్పుడే నమోదు చేయమన్నారు. చేర్చింది, మార్చింది, తీసేసింది, అన్నీ. కొన్ని పనులు ఎప్పటినుంచో ఉన్న అలవాటు, కొన్ని రోజుల ముందు అనుకున్నవి, ఇంకొన్ని అప్పటికప్పుడు తట్టినవి అని అందులో బయటపడింది. ఒక్క రోజులోనే ఇవన్నీ పక్కపక్కన ఉంటాయి. ముందు అనుకున్నవాటి మధ్య మిగిలిన సందుల్లో అప్పటికప్పటివి దూరతాయి.

ఇప్పుడు అడుగుతారు, అందరి చేతుల్లో ఫోన్లు ఉండగా ఈ డైరీలెందుకని. ఫోను సమాచారం గొప్పదే. 2010లో చావోమింగ్ సాంగ్, ఆల్బర్ట్-లాస్లో బరబాషి బృందం యాభై వేల ఫోను వినియోగదారుల కదలికలను పరిశీలించి, తర్వాత ఎక్కడ ఉంటారో చెప్పగలిగే అవకాశం 93 శాతం దాకా ఉండవచ్చని లెక్కకట్టింది. 2013లో మరో బృందం, రోజులో చుట్టే చోట్లను చుక్కలుగా, కదలికలను గీతలుగా గీస్తే 17 ఆకారాలే జనాభాలో దాదాపు 90 శాతానికి సరిపోతాయని చూపింది. చదివినప్పుడు నాకూ ఆశ్చర్యమేసింది. కానీ ఫోను ఇచ్చేది గడిచిన వరసే. 6:15కి ఆ చోట ఉందని చెబుతుంది, 6:15 కదలదని చెప్పదు. నిన్నటిలాగే రేపు ఉంటే ఆ 93 శాతం పనికొస్తుంది. మేము జవాబు చెప్పాల్సింది రేపు నిన్నటిలా లేకపోతే ఏమవుతుందని.

2020 తర్వాత ఇంటి నుంచి పనిచేయడం పెరిగినప్పుడు ఇది బాగా తెలిసింది. ఉద్యోగ ప్రయాణం పోతే ఆ మేరకు ప్రయాణాలు తగ్గుతాయన్నది తేలికైన లెక్క. ఆఫీసు నుంచి వస్తూ దారిలో చేసే పనులు ఆఫీసుతోపాటు మాయం కావు. మందులు కొనాలి, పిల్లవాణ్ని తీసుకురావాలి. వేలాడదీసిన మేకు ఊడిపోయింది కనుక వాటికి విడిగా టూర్లు పుడతాయి, అవీ వేరే వేళల్లో. డైరీలో ఇంటికి ఇ, బడికి బ, ఉద్యోగానికి ఉ, దుకాణానికి ద, సంగీతం క్లాసుకు స అని రాసుకుంటే, ఇ-బ-ఉ-ద-స-ఇ అన్న రోజు ఇ-బ-ఇ-ద-ఇ-స-ఇ అయ్యే అవకాశం ఉంది. ఉద్యోగం బయటికి వెళ్లేది కాకపోయినా ఐదు ప్రయాణాలు ఆరయ్యాయి. ఇలాంటి అక్షరాల వరసలు రెంటిని పోల్చడానికి జీవశాస్త్రవేత్తలు డీఎన్ఏ వరసలను పోల్చే పద్ధతిని కాలవినియోగ పరిశోధనలోకి తెచ్చినవాడు క్లార్క్ విల్సన్. ఎన్ని అక్షరాలు చేర్చి తీసేస్తే ఒకటి రెండోది అవుతుందో అది చెబుతుంది. ఏ అక్షరం పోయినందుకు మిగిలినవి చెదిరాయో చెప్పాలంటే మాత్రం ఆ మనిషినే అడగాలి.

అందుకే సర్వే పత్రాలు తయారుచేసేవాళ్లకు నా విన్నపం. వారం పొడుగునా నమోదు చేయమనడం అందరికీ సాధ్యం కాదు, అది జనాన్ని అలసిపోయేలా చేస్తుంది. ఇంటి బయట చేసిన ప్రతి పనికీ రెండే ప్రశ్నలు చేర్చండి. ఈ పని ఎప్పుడు నిశ్చయమైంది: ఎప్పటినుంచో ఉన్నదా, ఈ వారంలోనా, ఆ రోజు పొద్దునా, దారిలోనా? దీన్ని ఇంకో వేళకు జరపగలిగేవారా, జరపలేకపోతే ఎవరి వల్ల? ఈ రెండూ ప్రయాణం పక్కన కాకుండా, రోజంతా రాసేశాక చివర్లో అడగండి. అప్పటికి రోజు మొత్తం వాళ్ల కళ్లముందు ఉంటుంది కనుక ఏది దేనికి కట్టుబడి ఉందో చూసి చెప్పగలుగుతారు. ఉద్యోగం ముందు, తోడు తర్వాత అన్న మా పట్టికను పక్కనపెట్టి, ఎవరి జవాబుల ప్రకారం వాళ్ల రోజును కట్టి చూడాలని ఉంది. ఇప్పటికే ఎక్కడైనా ఇలాంటి ప్రశ్నలు అడిగి ఉంటే కింద రాయండి. ఆ పత్రంలో ప్రశ్న ఏ మాటల్లో ఉందో, జనం దానికి ఎలా స్పందించారో తెలుసుకోవాలని ఉంది.